నెట్‌వర్క్ సామగ్రిలో నన్ను కలపవద్దని

ఢిల్లీ జనక్‌పురి కార్యాలయ డిప్యూటీ డైరెక్టర్, శ్రీయుత సదాశివరావు గారి సముఖమునకు

అయ్యా,

విషయం: సోమవారం కమిటీలో కొత్త నెట్‌వర్క్ పెట్టెల (రూటర్ల) ఎంపిక – అందుండి నా పేరు తొలగింపు – పది రోజుల సెలవు – గురించి.

హిందీలో రాస్తే ఈ అర్జీ సెక్షన్‌లోనే ఆగిపోతుంది. ఈ ఆఫీసులో నేను గాక తెలుగు చదవగలిగేది తమరొక్కరే కనుక తమ దాకా వచ్చి తీరుతుందని ఈ సాహసం.

1. పాత కంపెనీ పెట్టెలనే మళ్ళీ కొనుటకు కమిటీ చూపిన కారణములు రెండు. మొదటిది, "శిక్షణ పొందిన సిబ్బంది కలరు." సదరు సిబ్బంది అనగా నేనొక్కడినే. రెండవది, "కంపెనీ సహాయం ఢిల్లీలోనే లభ్యం." ఆ సహాయం ఎవరో మొన్నటిదాకా నాకూ తెలియదు.

2. మొన్న మన పెట్టె మొరాయించగా కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసితిని. అక్కడి అమ్మాయి ఎంతో మర్యాదగా, "భయ్యా, మీ ఢిల్లీలోనే రఘునందన్ జీ అని ఒకాయన ఉన్నారు. బాగా చూస్తారు, నంబరు రాసుకోండి" అన్నది. రాసుకున్నాను. నా నంబరే! ఒకసారి ఇక్కడికి దగ్గరి మన ద్వారక బ్రాంచిలో ఈ కంపెనీ పెట్టెనే బాగుచేసి పెట్టిన పాపానికి కంపెనీవాళ్ళు నన్ను తమ పుస్తకంలో ఎక్కించుకున్నారు.

3. నా భార్య ఇంద్రజ కానుపుకు రాజమండ్రిలో పుట్టింట ఉన్నది. నెలలు నిండినవి. ఈ వారమే అన్నారు డాక్టరమ్మ. సర్వర్ మార్పిడి అని సీమంతానికే పంపలేదు. ఇప్పుడు సెలవడిగితే సెక్షన్ ఆఫీసర్ అర్జున్ గారు, "అరే భాయ్, నువ్వెళ్తే సపోర్ట్ ఎవరు? అక్కడ డాక్టర్ ఉంది కదా, ఠీక్ హై?" అన్నారు. ఠీక్ కాదండీ! ఫోన్ మోగితే చాలు, ఇంద్రజకు నొప్పులో, రూటరుకు జబ్బో తెలియక అన్నం ముందు నుంచి లేచి పరుగెడుతున్నాను.

4. కావున పెట్టె ఏ కంపెనీదైనా సరే, ధర కాస్త ఎక్కువైనా సరే, పిలిస్తే వాళ్ళ మనిషి రావలెను. మన సెక్షన్‌లోని లీలావతి గారికి, సాయిప్రకాష్‌కు కంపెనీవాళ్ళే పని నేర్పాలని షరతు రాయించవలెను. ఒక్కడికి తెలిసిన పనిని ఆఫీసుకంతా తెలిసినట్టు లెక్క వేయవద్దు.

పై సంగతులు చిత్తగించి, పెట్టెల మాట ఎలా తేల్చినా, ముందు నన్ను రైలెక్కించవలెను.

తమ విధేయుడు,
రఘునందన్

తా.క. సంతకం చేస్తుండగానే హెల్ప్‌లైన్ అమ్మాయి ఫోన్ చేసింది. గుర్‌గావ్‌లో ఎవరిదో నెట్‌వర్క్ పడిపోయిందట, వెళ్ళాలట. "రఘునందన్ జీ సెలవులో ఉన్నారు. వాళ్ళావిడ కానుపు" అని చెప్పి పెట్టేశాను. నాకు అబద్ధాలు అచ్చిరావు సార్. సాయంత్రంలోగా దీన్ని నిజం చేయండి.