గాలి పైకి ఊదే హీట్ పంప్

వసూ,

ఓక్‌విల్‌లో మంచు మొదలైంది. నువ్వు పోయాక ఇది రెండో చలికాలం. నిన్నటి నుంచి ఇల్లు వేడెక్కడం లేదు. పొద్దున టెక్నీషియన్ వచ్చి, బయటున్న హీట్ పంప్ విప్పి, లోపలి నుంచి ఎండిన చల్లమిరపకాయ ఒకటి తీశాడు.

"ఇదేంటి సర్?"

ఎండాకాలం ఇల్లు చల్లబరుస్తూ అది పైకి ఊదే వేడిగాలి మీద నువ్వు జల్లెడ పెట్టి మిరపకాయలు ఎండబెట్టేదానివని చెప్పాను. మిషన్ పాడవుతుందని నేను నీమీద అరిచిన సంగతి చెప్పలేదు.

పాడైంది మిరపకాయల వల్ల కాదట, పాతబడిపోవడం వల్లేనట. రిపేర్ చేస్తే రెండేళ్లు రావచ్చు, మార్చేయడమే మంచిదన్నాడు. ఫోన్లో అమ్మాయి కూడా, "జస్ట్ రీప్లేస్ ఇట్, నాన్నా" అంది. వాదించే ఓపిక లేక సరేనన్నాను. సంతకం పెట్టబోతూ, కొత్తదానికి గాలి ఎటు వస్తుందని అడిగాను.

"పక్కకి సర్. పైనంతా మూతే."

రిపేరే చేయమన్నాను. కొత్తవి చూసి ఎంచుకునే ఓపిక లేదని అమ్మాయికి చెబితే నమ్మింది.

మధ్యాహ్నం పెరుగన్నంలోకి ఆ మిరపకాయ కడిగి వేయించుకుందామనుకున్నాను. నూనె కూడా కాచాను. మిగిలింది అదొక్కటేనని స్టవ్ ఆపేశాను.