రాయి మీద రెండు పేర్లు

మంగళవారం, జూన్ 1998

ఆయన పింఛను కోసం మరిదితో నాంపల్లి ఆఫీసుకు వెళ్లాను. సర్వీసు కాగితాల్లో నర్సింహులు. డెత్ సర్టిఫికెట్‌లో మాత్రం బాప్తిస్మం పేరు, యేసురత్నం.

"సచ్చిపోయింది యేసురత్నం. గట్లైతే నర్సింహులు బతికే ఉన్నడు గదమ్మా?" అన్నాడు గుమాస్తా.

"ఏడున్నడో చెప్పుండ్రి సారూ, ఇంటికి తోల్కపోత," అన్నాను.

తల దించుకుని, ఇద్దరూ ఒక్కరేనని అఫిడవిట్ తెమ్మన్నాడు.

అబిడ్స్ బస్టాపులో మరిది నసిగాడు. "ఎంక్వైరీకొస్తరు వదినా. రాయి మీద వేరే పేరు జూస్తే పింఛను ఆపుతరు. సమాధి రాయి మీద నర్సింహులనే రాయిద్దాం, ఫికరుండదు."

పెళ్లయిన నాటి నుంచి ఆయన పేరు నోట పలకనిదాన్ని. అంతమంది జనంలో రెండు పేర్లూ గట్టిగా పలికాను. రాయి మీద రెండూ ఉంటాయన్నాను.

పింఛను ఆగుతుందేమో... ఆగనీ. మళ్లీ వెళ్తాను, ఆ రెండు పేర్లతోనే.