వాసన తెలియని ముక్కు, పద్నాలుగు పీపాలు

నలభై ఒక్క ఏళ్ళు రాగి బట్టీ మీద బ్రాందీ కాచిన నేను, అరవై ఎనిమిదో ఏట, ఒళ్ళు చెడినా బుర్ర చెడకుండా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాసి ఉంచుతున్న వీలునామా ఇది. అమలు జరపాల్సింది మా లాయరుగారు. ఆయనకు చదవడంలో తొందరెక్కువ. నాలుగో అంశం దగ్గర నిదానించాలి.

1. ఇల్లు, సామాను సహా, నా భార్యకు. నా బట్టల కంపు భరించలేక ముప్పై ఏళ్ళు పక్కగదిలో పడుకుంది, పాపం. ఆ గదికి పెద్ద కిటికీ పెట్టించాలి.

2. స్పిరిటు బలం కొలిచే గాజు మీటరు మా తమ్ముడికి. ద్రాక్షరసం పులియబెట్టి కాస్తే బ్రాందీ, ధాన్యమైతే విస్కీ, చెరకు మడ్డి అయితే రమ్ము. వాడికి అన్నీ ఒకటే. ఏదో స్పిరిటులో మాడ్చిన పంచదార కలిపి, నోటికొచ్చిన పేరు అంటిస్తాడు. మీటరు వాడికి ఎందుకూ కొరగాదని తెలిసే ఇస్తున్నాను.

3. రాగి బట్టీ నా కూతురికి. తూకానికి అమ్ముకోవాలి.

4. గిడ్డంగిలోని పద్నాలుగు పీపాల బ్రాందీ ఎవరికీ చెందదు. మొత్తం పారబోయాలి.

కారణం రాయక తప్పదు. బట్టీలోంచి మొదట వచ్చే ధార విషం, చివరిది కంపు. నడిమి ధార ఒక్కటే సరుకు. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో చెప్పేది ముక్కు. ఆరేళ్ళ కిందట జ్వరమొచ్చి నాకు వాసన తెలియకుండా పోయింది. ఎవరికీ చెప్పలేదు. గడియారం చూసి, అందాజాగా కాచాను. ఆ పీపాలన్నీ అప్పటివే. పోయిన నెల పీపాల మేస్త్రీ ఒకటి రుచి చూసి ఉమ్మేశాడు. నోరు విప్పనని నాకు మాటిచ్చాడు. ఎన్నేళ్ళు నిలవుంచినా చెడ్డ ధార బాగుపడదు.

5. ఇది నా కూతురికి. అమ్మా, నీ పదహారేళ్ళప్పుడు బట్టీ పక్కన నిలబడి, "నాన్నా, ఇక ఆపెయ్, తడిగుడ్డ కంపు వస్తోంది" అన్నావు. నీకేం తెలుసని బయటికి తోలాను. నిమిషం తర్వాత అదే కంపు నాకూ తగిలింది. ఒప్పుకోలేదు. ముక్కు పోయాకైనా నిన్ను పిలవాల్సింది, నామోషీ అడ్డొచ్చింది. ఇప్పుడు నేర్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

పోయిన వారం ఫోన్ చేసి, ఉద్యోగం మానేశాను, ఆ పీపాలే నమ్ముకుని వస్తున్నానన్నావు. సంతోషం అన్నాను. నిజం చెప్పడానికి నోరు రాలేదు, ఇకపైనా రాదు. రేపు స్టేషనుకి నేనే వస్తాను. పీపాలు చూపిస్తాను. బిరడాలు తీయనివ్వను, ఇంకా ఏళ్ళు నిండలేదంటాను.

ఈ కవరు నేను పోయాకే విప్పాలి.

తేదీ: నవంబరు పద్దెనిమిది
సంతకం: బట్టీ మేస్త్రీ
సాక్షులు: పీపాల మేస్త్రీ, వీధి చివర మందుల షాపాయన (చదవకుండానే పెట్టాడు)