అట్ట లేని బావి పుస్తకం తిరిగి ఇప్పించమని

డివిజను గ్రంథాలయ అధికారి గారి సముఖమునకు,
కోడుమూరు మండలం, బురుజుదిన్నె గ్రామ కాపురస్థుడు మాదాసు జ్ఞానరాజు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: బురుజుదిన్నె శాఖా గ్రంథాలయం వారు నా వద్ద నుండి స్వాధీనపరచుకొన్న పుస్తకాలలో ఒక్కదానిని తిరిగి ఇప్పించుట గురించి.

పై విషయమునకు సంబంధించి తమరికి తెలియజేసుకొనునది.

1. నేను పదవ తరగతి వరకు చదివినాను. ఉన్న కొద్ది మెట్టలో కంది, ఆముదం వేసుకొని, పని లేని దినాలలో కూలికి పోతాను. చదవడం తప్ప వేరే వ్యసనం లేదు. బీడీ కూడా తాగను. కర్నూలులో కొత్త పుస్తకాల అంగడిలోకి ఒకసారి పోయి, వెనుక అట్ట మీద వెల చూసి, తీసినచోటే పెట్టి వచ్చినాను. ఆ తరువాత నాకు పుస్తకాలు దొరికిన చోట్లు ఇవి: ఆదివారం రోడ్డు పక్కన పట్ట పరిచి అమ్మేవాళ్లు, పరీక్షలు అయిపోయినాక ఇండ్లలో పారవేసే కట్టలు, పాత కాగితాలు కొనే గుజిరీ అంగడి. వీటిలో గుజిరీ అంగడే నయం. అక్కడ పుస్తకాన్ని తూకానికి ఇస్తారు. కథ మంచిదైనా చెడ్డదైనా వెల మారదు, లావు పుస్తకానికే ఎక్కువ. అందుచేత సన్న పుస్తకాలు ఎక్కువ చదివినాను.

2. గుజిరీ అంగడి యజమాని మాబాషా అను ఆయన పుస్తకాల కట్ట రాగానే అట్టలు పీకించి ఒక పక్క, లోపలి కాగితం ఒక పక్క వేయిస్తాడు. అట్టలు ఒక మిల్లుకు, కాగితం ఇంకొక మిల్లుకు పోతాయి. అట్ట పీకేటప్పుడు దానికి అంటుకున్న మొదటి కాగితం కూడా ఊడిపోతుంది. పుస్తకం పేరు, రాసినవారి పేరు ఉండేది ఆ కాగితం మీదనే. పీకకముందే వచ్చి తీసుకుంటే అట్టతో ఇస్తాడు, అయితే వెల ఎక్కువ.

“ఏమప్పా జ్ఞానరాజూ, నువ్వు సదివేది పేరా, కథా?” అని మాబాషా మొదటి రోజే అడిగినాడు.

“కథనే.”

“అట్లయితే అట్ట నీకెందుకు? దుడ్లు మిగుల్చుకో.”

ఆ మాట నాకు సబబుగా తోచింది. అప్పటి నుండి అట్ట లేనివే కొన్నాను. గుర్తు కోసం ఇంట్లో మేమే పేర్లు పెట్టుకున్నాము. ఎద్దు పుస్తకం, రైలు పుస్తకం, ఇద్దరు చెల్లెళ్ల పుస్తకం. ఈ పద్ధతి వలన చిక్కు వస్తుందని నాకు అప్పుడు తెలియదు.

3. నా భార్య విశ్వాసమ్మకు మూత్రపిండాలు చెడిపోయినందున మంగళ, శుక్రవారాలు కర్నూలు పెద్దాసుపత్రిలో రక్తం శుద్ధి చేసేవారు. మిషను తిరిగినంతసేపు అక్కడ అందరూ పైకప్పు చూస్తూ పడుకుంటారు. నేను స్టూలు మీద కూర్చొని ఆమెకు పుస్తకం చదివేవాడిని. పక్క మంచం మీద ఆదోని దిక్కు నుండి వచ్చే ఈరేష్ అను లారీ డ్రైవరు ఉండేవాడు. లారీ మానుకొని అప్పటికే చాలా కాలమైనది.

“ఏమన్నా, బైబులా అది? మెల్లగా సదువు, నాకు నిద్దర పట్టాల” అన్నాడు.

“బైబులు కాదప్పా. కథ” అన్నాను.

“అయితే గట్టిగా సదువు. ఈ మిషను సప్పుడుకు ఒక్క ముక్క ఇనపడల్యా.”

ఆ తరువాత నా భార్యను అక్కా అని, నన్ను బావా అని పిలిచేవాడు.

4. మేము చివరగా చదివినది బావి పుస్తకం. అందులో చెన్నమ్మ అను రైతు ఆడమనిషికీ ఆమె తమ్ముడికీ ఉమ్మడి బావి గురించి కోర్టులో వ్యాజ్యం నడుస్తుంటుంది. బావిలో ఊట ఎండిపోయిందని తమ్ముడు, ఎండలేదని అక్క. చూసి వస్తానని ఆమె నడుముకు తాడు కట్టుకొని దిగుతుంది. ఆ వేళకు చేనులో వేరే మనిషి లేడు. పైన తాడు పట్టుకున్నది తమ్ముడే. ఆమె నీళ్ల వాసన తగిలే లోతుకు పోయినంతవరకు చదివినాము.

“ఇడుస్తాడు సూడు. నేనైతే ఇడుస్తా” అన్నాడు ఈరేష్.

“నీకు తోడబుట్టినోళ్లు లేరు కాబట్టి అంటాండావు. ఇడవడు” అన్నది నా భార్య.

“కోర్టు కర్చు మిగుల్తాది గదక్కా.”

“నోరు మూసుకో.”

నర్సమ్మ వచ్చి గొట్టాలు తీసింది. మిగిలినది శుక్రవారం చదువుకుందామని పుస్తకం మూసినాను. గురువారం నా భార్య మరణించినది.

5. మా సంఘంలో మనిషి పోయిన తరువాత ఆదరణ కూటము జరుపుతాము. పోయినవారికి ఇష్టమైనవి ఏవని పాస్టరు జయరాజ్ గారు అడిగి, కూటములో చెప్తారు. ఇష్టమైన కీర్తన చెప్పినాను. ఇష్టంగా చదివినది ఏమని అడిగితే, కడపట విన్న పుస్తకం ఇదని చూపినాను. “పేరేమి జ్ఞానరాజూ?” అన్నారు. బావి పుస్తకం అని కూటములో చెప్పేదానికి బాగుండదని నాకే అనిపించింది. పేరు తెలుసుకొందామని పుస్తకం తీసుకొని నా కాళ్లతో నేనే బురుజుదిన్నె శాఖా గ్రంథాలయానికి పోయినాను. అక్కడి ఇన్‌చార్జి శ్రీకాంత్ గారు కాగితాలు తిప్పి, నడుమ పేజీలో గ్రంథాలయం ముద్ర చూసి ఆగినారు.

“ఇది యాడిదప్పా?”

“గుజిరీలో కొన్న్యా సార్. మీరు పాతవి ఏలంల అమ్మినారంట గదా.”

“అమ్మినదైతే రద్దు ముద్ర ఉండాల. యాడుండాది?”

“మొదటి కాగితం మీద.”

“మొదటి కాగితం యాడ?”

“అట్టతో పాయ.”

“అట్ట యాడ?”

“మిల్లుకు పాయ సార్.”

గ్రంథాలయం వారు మొదట కొన్నప్పుడు వేసే ముద్ర నడుమ పేజీలోనూ వేస్తారు. రద్దు చేసినప్పుడు వేసే ముద్ర మొదటి కాగితం మీద మాత్రమే వేస్తారు. నేను అట్టకు వెల పెట్టలేదు గనుక, నా ఇంట్లోని ముద్ర ఉన్న పుస్తకాలన్నీ చూసేవారికి దొంగ పుస్తకాలే. శ్రీకాంత్ గారిని నేను తప్పు పట్టను. ఆయన చూసినది ఆయన అన్నారు.

6. అదే దినం ఆయన నా ఇంటికి వచ్చి మిగతావి కూడా తీసుకొని పోయినారు. నేనే కట్టలు కట్టి బండి మీద ఎక్కించినాను. అభ్యంతరం చెప్పలేదు. ఆ దినాలలో నాకు ఏ సంగతీ పెద్దగా అనిపించలేదు. కూటములో కీర్తన మాత్రం పాడినారు.

7. తరువాత ఆ పుస్తకాలు తమ కార్యాలయానికి చేరినవని తెలిసి, వచ్చి అడిగినాను. గుమాస్తా వసంతకుమార్ గారు ఫారం ఇచ్చినారు. అందులో మొదటి గడి పుస్తకం పేరు. రెండవది రచయిత పేరు. రెండూ వదిలేసి ఇచ్చినాను.

“పేరు లేని పుస్తకానికి అర్జీ ఎట్ల తీసుకునేదప్పా?” అన్నారు.

“బావి పుస్తకం అని రాసుకోండి సార్.”

“బావుల సంగతి ఈడ కాదు. వ్యవసాయ శాఖల అడుగుపో.”

పక్కనున్నవారు నవ్వినారు. నాకు కూడా నవ్వు వచ్చినట్లుంది. పుస్తకం కథ చెప్పి ఆదివారం అమ్మేవాళ్లనందరినీ విచారించినాను. ఈరేష్ కొడుకు సెల్లులో వెదికినాడు. పేరు చెప్పనిదే ఎవరూ ఏమీ చేయలేకున్నారు.

8. ఇక అసలు సంగతి. నా భార్య పోయిన తరువాత కూడా మంగళ, శుక్రవారాలు నేను తెల్లవారు బస్సుకు కర్నూలు పోతూనే ఉన్నాను. ఎందుకని అడిగితే కారణం చెప్పలేను. పోయి ఈరేష్ పక్కన స్టూలు మీద కూర్చొనేవాడిని. ఒక దినం ఆయన “పుస్తకం యాడ బావా?” అన్నాడు. జరిగినది చెప్పినాను. ఆ పై మంగళవారం ఆయన రాలేదు. శుక్రవారం వచ్చినాడు, ఒళ్లంతా నీరు పట్టి ఉన్నాడు. మరొక మంగళవారం రాలేదు. అట్లా మానుకుంటే మనిషి నిలవడని డాక్టరు గారు చెప్పినారు.

ఆయన భార్య మహాదేవమ్మ ఆసుపత్రి మెట్ల వద్ద నన్ను నిలబెట్టి అడిగింది.

“అన్నా, వాంది వానికి ఇసుగు పుట్టిండాది. పొద్దున లేపితే నన్ను ఇడ్సిపెట్టు అంటాడు. నీ కథ ఉన్నెప్పుడు వానంతట వాడే లేసి, బస్సు పోతాదని నన్ను తిట్టేటోడు.”

“పుస్తకం ఆఫీసుల ఉండాదమ్మా.”

“ఆఫీసోళ్లు సదువుతారా దాన్ని?”

“తెలీదమ్మా.”

“సదవకుంటే ఇయ్యమను.”

ఆమె చెప్పినదే నేను ఈ కాగితం మీద పెట్టుచున్నాను.

9. కావున తమరిని కోరుకొనేది: మిగతా పుస్తకాలు తమ వద్దనే ఉంచుకొనవచ్చును. వాటి మీద హక్కు అడగను. అట్ట లేనిది, పేజీల నెత్తిన పేరు లేనిది, చెన్నమ్మ అను మనిషి ఉన్నది ఒక్కటి ఇప్పించండి. అది కుదరకపోతే, తమ కార్యాలయంలో కూర్చొని కడపటి భాగాన్ని కాగితం మీద ఎక్కించుకొనుటకు అనుమతి ఇవ్వండి. కాగితం, పెన్ను నేనే తెచ్చుకొంటాను. చదవడం పూర్తయిన పిమ్మట పుస్తకాన్ని తిరిగి తెచ్చి అప్పగిస్తానని హామీ ఇస్తున్నాను. దొంగతనం గురించి విచారణ ఉంటే, ఎప్పుడు పిలిచినా వస్తాను. మంగళ, శుక్రవారాలు తప్ప.

ఈ నా మనవిని చిత్తగించి, వీలైనంత త్వరలో ఉత్తర్వు దయచేయవలెనని వేడుకొను,

తమ విధేయుడు,
మా. జ్ఞానరాజు

తా.క.: ఈ అర్జీ పోయిన మంగళవారానికి ముందు రాసి, ఇవ్వకుండా ఉంచుకొన్నాను. మంగళవారం మహాదేవమ్మ, పుస్తకం దొరికిందని చెప్పి ఈరేష్‌ను తోలుకొని వచ్చింది. నాకు ముందుగా చెప్పలేదు. నేను నా భార్య ఆసుపత్రి ఫైలును న్యూసు పేపరులో చుట్టి, ఒడిలో పెట్టుకొని చదివినట్లు చెప్పినాను. నాకు కథ అల్లడం రాదు. అందుకని చెన్నమ్మను ఇంకా కొంచెం లోతుకు దింపినాను. రాళ్లు ఎట్లుండాయో చెప్పినాను, చల్లగా ఉండాదని చెప్పినాను. ఈరేష్ కండ్లు మూసుకొని మిషను ఆగేవరకు విన్నాడు. గొట్టాలు తీసేటప్పుడు “బావా, పేజీ తిప్పేది మర్సిపోయినావు” అన్నాడు. శుక్రవారం మళ్లీ వచ్చినాడు. ఈసారి నేను పేజీలు తిప్పినాను. తమ్ముడు ఇంకా తాడు పట్టుకొనే ఉన్నాడు. ఆ బావిలో చెప్పడానికి నా దగ్గర ఇంక రాళ్లు లేవు. సోమవారం సాయంత్రంలోగా తమరు ఏదో ఒకటి చెప్పండి.