వెలుతురు చొరని డోరు

జూన్ 9, ఆదివారం

ఏబెల్ తడకు వెళ్ళిపోయాడు. అక్కడ ఏదో ఫ్యాక్టరీలో ఉద్యోగమట. ఈ టింకరింగ్ షాపు మా ఇద్దరిదీ. ఆదివారాలు వచ్చి ఓ చెయ్యి వేస్తానన్నాడు. రావద్దన్నాను. కోపంలో అన్నానే అనుకో, అన్నది అన్నట్టే.

జూన్ 11

ఎప్పుడూ మా దగ్గరికే వచ్చే చంద్రకాంతమ్మ బొలెరో వచ్చింది. చంద్రగిరి దగ్గర ట్రాక్టరు తగిలి డ్రైవర్ వైపు డోర్ ఫ్రేము వంగింది. దిగీ దిగగానే ఏబెల్ యాడ అని అడిగింది. అందరికీ అతనే కావాలి. నేనేం గోడకు ఆనించిన జాకీనా?

ఫ్రేము వేడి చేసి లాగాను. మూలన చీలికకు వెల్డింగ్ పెట్టాను. డోరును జాకీ మీద ఆనించి కీళ్ళు బిగించాను. జాకీ బరువు మోస్తుంది గానీ, ఇంకాస్త ఎత్తప్పా అంటే వినదు.

జూన్ 14

బండి తిరిగొచ్చింది. స్పీడు అందుకుంటే డోరు ఈలేస్తోందట. ఈసారీ కుదరకపోతే చిత్తూరులో చూపించుకుంటానని చంద్రకాంతమ్మ మెల్లిగానే చెప్పింది. మెల్లిగా చెప్పినందుకే ఇంకా మండింది.

గాలి దూరే సందు పట్టడానికి మా పద్ధతి ఒకటుంది. షట్టర్ దించి చీకటి చేస్తాం. ఏబెల్ బండిలో కూర్చుని డోరు వేసుకుంటాడు. నేను బయట లైటు పట్టుకుని అంచుల వెంట తిప్పుతాను. వెలుతురు ఎక్కడ దూరితే అక్కడ అద్దం మీద తడతాడు. లోపలా బయటా నేనే ఎలా ఉండేది?

జూన్ 15

ఫోన్ చేద్దామని తీశాను. రావద్దన్నవాణ్ణి నేనే కదా. జేబులో పెట్టేశాను. ఎదురుగా మోహన్ కొట్లో అలవాటు కొద్దీ రెండు టీలు చెప్పాను. రెండూ నేనే తాగాను.

జూన్ 16, ఆదివారం సాయంత్రం

పొద్దున షట్టర్ దించి లోపల గడియ పెట్టాను. లైటును స్టాండుకు కట్టాను. ఈల కూడా తేలిపోవాలని కంప్రెసర్ ఆన్ చేసి గాలి పైపు డోరు అంచుకు కట్టాను. ఫోన్ బల్ల మీద వదిలేసి బండిలో కూర్చున్నాను. వెలుగు గీత కనబడితే దిగడం, ఫ్రేము సర్దడం, లైటు జరపడం, మళ్ళీ ఎక్కడం. నడుము పడిపోయింది.

చివరికి గీత లేదు. ఈల లేదు. కంప్రెసర్ మోత కూడా ఎక్కడో పక్కవీధిలో ఉన్నట్టుంది. ఒక్కణ్ణే కుదిర్చానబ్బా! ఏబెల్ చూస్తే బాగుండేది అనిపించింది. ఏడుపొచ్చింది. దిగబుద్ధి కాక అక్కడే కూర్చుండిపోయాను.

షట్టర్ ఎత్తగానే మోహన్ వచ్చాడు. ఏబెల్ వచ్చాడట. షట్టర్ కొట్టాడట, పిలిచాడట, ఫోన్ చేశాడట. బయట తాళం లేదు, లోపల కంప్రెసర్ నడుస్తోంది. ఏమన్నాడని అడిగాను.

"నా మొగం సూసేది ఇష్టం లేక లోపలే ఉండాడు అనేసి, తడకు పోతానని కాళహస్తి బస్సెక్కినాడన్నా."

మిస్డ్ కాల్స్ అన్నీ అతనివే. తిరిగి చేస్తే ఎత్తడం లేదు.

జూన్ 17

చంద్రకాంతమ్మ బండి తీసుకెళ్ళింది. ఈల పోయిందట.

షాపుకు బయట తాళం వేసి తడ బస్సెక్కాను. పక్కన కిటికీ అద్దం గడగడా కొట్టుకుంటోంది. కొట్టుకోనీ.