మగ్గం ఆగినప్పుడల్లా

ఏమయ్యా,

నువ్వు పోయిన నెలకు, నీ చావుకు కారణం రాసుకోవాలని నర్సమ్మ మనింటికి వచ్చింది. గుండె ఆగిందని చెప్పాను.

"ఎవరికైనా ఆఖరుకు ఆగేది గుండేనమ్మా. దానికి ముందు దగ్గు ఎన్ని దినాలుండె?" అంది.

నాకు తెలియనిచ్చావా నువ్వు? వినపడకుండా నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకునేవాడివి. కానీ దగ్గినప్పుడల్లా మగ్గం ఆగేది. ఆగినప్పుడల్లా నేను చెంబుతో నీళ్లు తెచ్చేదాన్ని. ఉగాది నుంచి దసరా దాకా తెచ్చానని అదే చెప్పాను. ఆమె రాయడం ఆపి నా మొహం చూసింది.

"టీబీ అయ్యుండచ్చమ్మా" అని, మన వీధిలో అందరి తెమడా తీసి, పరీక్షకు ఆదోని ఆసుపత్రికి పంపించింది. నాకు లేదు. గోడ అవతల మగ్గం నేసే ఈరన్నకు ఉంది.

ఆర్నెల్లు మాత్రలు మింగాడు. నయమైందని ఈరోజు చెప్పారట. నేరుగా మనింటికే వచ్చాడు.

"అన్న పోతాపోతా నన్ను బతికిచ్చినాడు వదినా" అని నీ ఫోటో ముందు నిలబడి ఏడ్చాడు.

ఇప్పుడు దారం తెగినప్పుడు తప్ప అతని మగ్గం ఆగడం లేదు. అలా ఆగినప్పుడల్లా నేను చెంబు ముంచుకుని లేస్తున్నాను. నీ మగ్గం దాకా వచ్చాక గాని, ఆగింది నీది కాదని గుర్తుకు రావడం లేదు.