మూడో స్లైడు

1963 మార్చి 1, శుక్రవారం

ఎరుపూ తెలుపూ కలిపి పేనిన దారం కట్టుకునే రోజు. శానిటోరియంలో అందరూ దగ్గుతూనే ఒకరికొకరు మణికట్లు చూపించుకుంటూ తిరిగారు. కొంగ కనిపించేదాకా, లేదంటే పూసిన చెట్టు కనిపించేదాకా విప్పకూడదు. మా బల్గేరియాలో ఈ రొడోపి కొండల్లోకి కొంగలు రావు. చెట్లు ఏప్రిల్ దాకా బద్ధకిస్తాయి.

నా దారం ప్రొడాన్ కట్టాడు. ఏడో నంబరు మంచం. ఊళ్ళో తివాచీల ఉన్నికి రంగులద్దే మనిషి. పోయిన వారం లాబ్ కిటికీ దగ్గరికొచ్చి, ఏవండీ ఎర్రచేతులావిడా, ఓ చెంచాడు ఎరుపు ఇప్పిస్తారా అన్నాడు. ఇవ్వకూడదు. ఇచ్చాను. స్లైడ్లకు వేసే, రోజూ నా చేతులకు అంటుకునే ఆ ఎర్ర ఫుక్సిన్‌తోనే దారం అద్ది తెచ్చాడు. ముడి వేస్తూ, ఇది నిలిచే రంగు కాదండీ, నాలుగుసార్లు చెయ్యి కడిగితే పోతుంది, మా ఊరి మంజిష్ఠ వేరుతో అద్దితే మీరు పోయాక కూడా ఉంటుంది అన్నాడు. నేను పోయాక ఎవరు చూడొచ్చారులెండి అన్నాను.

నాకు ముప్పయ్యారేళ్ళు. ఆయన ముడి వేస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టాను. సిగ్గులేకుండా రాస్తున్నాను.

మార్చి 9

లాబ్‌లో ఏం చేస్తారని అడిగాడు. చెప్పాను. కఫాన్ని గాజు స్లైడు మీద పూస్తాం. ఎర్ర ఫుక్సిన్ పోసి కింద మంట పెడతాం. తర్వాత మూడు నిమిషాలు ఆసిడ్. దాంతో అన్నీ ఎరుపు వదిలేస్తాయి, క్షయ పురుగు ఒక్కటే వదలదు. వదిలేసినవి కనబడడానికి నీలం వేస్తాం. ఆ నీలంలో ఎర్ర గీతలు కనబడితే పాజిటివ్.

శ్రద్ధగా విన్నాడు. అంత మొండిదా, మా ఉన్నికి అంత మొండితనం రావాలంటే పటిక పెట్టి ఓ రాత్రంతా నానేయాలండీ అన్నాడు. పురుగు మీద గౌరవం కలిగినట్టే ఉంది.

తర్వాత కూతురి గురించి చెప్పాడు. జోర్కా. ఏడేళ్ళు. తల్లి లేదు, నానమ్మ దగ్గర ఉంది. ఈస్టర్ ముందు గురువారం మొదట అద్దిన ఎర్ర గుడ్డు పిల్లల బుగ్గలకు రాస్తాం కదా, ఏడాదంతా ఆరోగ్యంగా ఉండాలని. రెండేళ్ళుగా ఆ పిల్ల నానమ్మను రాయనివ్వడం లేదట. నాన్నే రావాలంటుందట.

ఆయన జనవరి స్లైడు నెగటివ్. ఫిబ్రవరిది నెగటివ్. మూడోది ఏప్రిల్ మొదటి వారంలో. అదీ నెగటివ్ అయితే ఇంటికి పంపిస్తారు. పాజిటివ్ అయితే ఇంకో ఆర్నెల్లు ఇక్కడే. చూసేది నేను. రాసేదీ నేనే.

మార్చి 20

చెయ్యి కడిగినప్పుడల్లా దారంలో ఎరుపు సింకులోకి పోతోంది. చెయ్యి కడగడం తగ్గించాను. లాబ్‌లో పనిచేసే మనిషి రాయాల్సిన మాటేనా ఇది.

మార్చి 29

డిస్టిల్డ్ వాటర్ తీసే బాయిలర్ పగిలింది. మెకానిక్ ప్లోవ్‌దివ్ నుంచి రావాలి, దారి మంచుతో మూసుకుపోయింది. డాక్టర్ మిలూషెవ్ ఎలాగోలా సర్దుకోమన్నారు. ఫుక్సిన్ అయిపోయింది. డాబా మీది పాత ట్యాంకు నీళ్ళతోనే కొత్తది కలిపాను. అలా కలపకూడదని పన్నెండేళ్ళ కిందట నేర్పించారు. ఎందుకు కలపకూడదో కూడా చెప్పారు. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, కలిపేశాను.

ఏప్రిల్ 2, ఉదయం 11 గంటలు

ప్రొడాన్ స్లైడు. మూడు ఎర్ర గీతలు.

ముందు సంతోషం కలిగింది. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. ఇంకో ఆర్నెల్లు కిటికీ దగ్గరికొస్తాడు, ఇంకో ఆర్నెల్లు ఎర్రచేతులావిడా అంటాడు అనుకున్నాను. తర్వాత భయం వేసింది, ఆయన కోసం. కానీ తర్వాతే.

పాజిటివ్ అని రాసి సంతకం పెట్టాను.

ఏప్రిల్ 3

డాక్టరు వెళ్ళి ఆయనకు చెప్పారు. ప్రొడాన్ ఒక్క ప్రశ్న కూడా వేయలేదట. ఆవిడ చూసిందంటే ఉన్నట్టేలెండి అన్నాడట. గోడవైపు తిరిగి పడుకున్నాడు. సూప్ తాగలేదు.

ఏప్రిల్ 4

వంటమనిషి గేనా స్లైడు చూశాను. స్టాఫ్‌కి ఏడాదికోసారి చూస్తాం. గేనా బంగాళాదుంపల బస్తా ఒక్కతే ఎత్తి భుజాన వేసుకుంటుంది. దగ్గిన పాపాన పోలేదు. ఆమె స్లైడులో నాలుగు ఎర్ర గీతలు.

ఖాళీ గాజు తీసుకున్నాను. కఫం లేదు, ఏమీ లేదు. ట్యాంకు నీళ్ళు ఒక్క బొట్టు ఆరబెట్టి రంగు వేశాను. అందులోనూ ఎర్ర గీతలే. ఆసిడ్‌కు రంగు వదలని పురుగులు పాత నీళ్ళలో కూడా ఉంటాయి. వాటితో మనిషికి ఏమీ కాదు. పన్నెండేళ్ళ కిందట చెప్పింది ఇదే.

అంటే ప్రొడాన్‌కు రోగం లేదేమో. ఏమో ఏమిటి, లేదు.

గేనా పేరు ఎదురుగా నెగటివ్ అని రాశాను. ప్రొడాన్ పేరు ఎదురుగా రాసింది మార్చలేదు.

ఏప్రిల్ 5

చెప్పలేదు.

ఏప్రిల్ 6

ఇవాళ కూడా చెప్పలేదు. బాయిలర్ బాగు చేశారు.

ఏప్రిల్ 7, ఆదివారం

ప్రొడాన్ కిటికీ దగ్గరికొచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. పోస్టు చేయమని ఒక కార్డు ఇచ్చి, ఇంకో ఆర్నెల్లు మీ మొహమే చూడాలి, తప్పేట్టు లేదు అని నవ్వాడు. తన వాటా పెరుగు నాకిచ్చాడు. మీరు మరీ చిక్కిపోయారండీ అన్నాడు.

నెల రోజులుగా నేను కోరుకున్నది సరిగ్గా ఇదే. పెరుగు తినలేకపోయాను.

కార్డు చదివాను. జోర్కా, ఈసారికి నానమ్మతోనే రాయించుకో అమ్మా, నా ఎర్ర గుడ్డు నువ్వే దాచిపెట్టు, చెడిపోతే పారెయ్యకు అని రాశాడు.

పోస్టు చేయలేదు.

ఏప్రిల్ 8

డాక్టర్‌కు చెప్పాను. ఎప్పుడు తెలిసిందన్నారు. గురువారం అన్నాను. ఇవాళ సోమవారం కదా అన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. ఎందుకు దాచావని అడగలేదు. ఫైల్లో రాస్తాను నేదెల్యా, రాయక తప్పదు అన్నారు.

కొత్త నీళ్ళు తీశాను, కొత్త ఫుక్సిన్ కలిపాను. ప్రొడాన్ దగ్గర మళ్ళీ కఫం తీసుకున్నాం.

ఏప్రిల్ 9

స్లైడు ఈ చివర నుంచి ఆ చివరదాకా రెండుసార్లు చూశాను. డాక్టరు ఒకసారి చూశారు. అంతా నీలం.

ఏప్రిల్ 10

నేనే చెబుతానని అడిగి, ఏడో నంబరు మంచం దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. మొదట ఇంటికి వెళ్తున్నానన్న మాటే విన్నాడు. మొహం వెలిగింది. తర్వాత మిగతాది అర్థమైంది. నాలుగు రోజులు తెలిసే ఊరుకున్నారా అన్నాడు. అవునన్నాను. నేనేం చేశానండీ మీకు అన్నాడు.

నా మణికట్టు వైపు చూశాడు. దారం దాదాపు తెల్లగా అయిపోయింది. తర్వాత పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాడు.

ఏప్రిల్ 11, గురువారం

గేనా వంటింటి తలుపు గడియ పెట్టి గుడ్లకు రంగు వేసింది. దేవుడి పండగలు పార్టీకి గిట్టవు, సెక్రటరీ కంట పడకూడదని. నీ సీసాలోది కాస్త పోస్తే ఎంత ఎర్రగా వచ్చేవే పిల్లా అని సణిగింది. అది విషం అన్నాను. మరి రోజంతా దాంతోనే ఉంటావుగా అంది. మొదటి గుడ్డు ఆనవాయితీగా తన ఇంట్లో దేవుడి పటం దగ్గర పెట్టుకోవాలి. అయినా దాన్ని గుడ్డలో చుట్టి, జోర్కాకని ప్రొడాన్ చేతిలో పెట్టింది. దారిలో ఎక్కడా కూర్చోకు, పగిలిందంటే నీ తల పగులుతుంది అంది.

బస్సు పదింటికి. గేటు దగ్గర మా అల్‌బుఖారా చెట్టు, రాత్రికి రాత్రి పూసింది. అందరూ దారాలు విప్పి కొమ్మలకు కట్టారు. ప్రొడాన్ తనది కట్టాడు. బస్సు మెట్టు మీద నిలబడి, మీరు విప్పలేదేం అని అడిగాడు. ఇంకా పూసిన చెట్టు కనిపించలేదన్నాను. చెట్టు కిందే నిలబడి ఉన్నాను. జుట్టు నిండా పూరేకులు.

డ్రైవరు తలుపు వేశాడు.

జూన్ 19

పార్సిల్ వచ్చింది. జానెడు ఉన్ని దారం, మంజిష్ఠ ఎరుపు. ఉత్తరం లేదు. పైన నా పేరు కూడా లేదు, లాబ్‌లో ఎర్రచేతులావిడకు అని ఉంది.

ట్రేలో పెట్టి ఆసిడ్ పోశాను. గడియారం చూసి మూడు నిమిషాలు ఉంచాను.

కాస్త నారింజకు తిరిగింది. పోలేదు.